అంచనాలు సిద్ధమయ్యాక గ్రామసభా?

భద్రాచలంలో చర్ల బస్సెక్కినవాళ్లు టికెట్ తీసుకునేలోపే రాష్ట్రం దాటేస్తారు. ఎటపాక, కన్నాయిగూడెం లాంటి ఊళ్ల మీదుగా కాసేపు ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన బస్సు దుమ్ముగూడెం మండలం దగ్గర మళ్లీ తెలంగాణలో తేలుతుంది. 2014లో పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు వెళ్లాయి. జ్వరమొస్తే ఆ పల్లెలవాళ్లు నడిచో, ఆటోలోనో వచ్చేది భద్రాచలం ఏరియా ఆస్పత్రికే. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే మాత్రం కాకినాడ దాకా పోవాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కాకినాడ పోయి పాడేరు వచ్చింది. దూరం తగ్గిందని ఎవరూ సంబరపడలేదు.

పట్టణం కష్టం పట్టణానిది. చుట్టూ ఉన్న భూములు పొరుగు రాష్ట్రానివి కావడంతో భద్రాచలానికి చెత్త పోసుకునే జాగా కూడా కరువైంది. రాములవారి ఆలయ భూములేమో పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత ఇంత వరద చూడలేదు. నీళ్లు తీసిన కొద్ది రోజులకే ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు తమను తెలంగాణలో కలపాలని తీర్మానాలు చేశాయి. ఆ డిమాండు సబబా కాదా అన్నది రెండు రాష్ట్రాలు, కేంద్రం తేల్చుకోవాల్సిన విషయం. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. ఏ ఊరి మనిషి ఏ ఆస్పత్రికి పోతాడు, ఏ సంతకు పోతాడు, పిల్లల్ని ఏ హాస్టల్లో చేరుస్తాడు అనే లెక్క గీత గీసే ముందు ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ల తర్వాత వరద బురదలో నిలబడి ఆ ఊళ్లు తమంత తామే చెప్పుకోవాల్సి వచ్చింది.

రాష్ట్ర సరిహద్దు పెద్ద విషయం కాబట్టి పత్రికలకెక్కింది. అడవి అంచు గూడేల్లో కల్వర్టు, బోరు, అంగన్‌వాడీ, ఉప ఆరోగ్య కేంద్రం లాంటి చిన్న విషయాల్లోనూ జరుగుతున్నది ఇదే. ముందు నిర్ణయం, తర్వాత తీర్మానం.

నిజానికి చట్టంలో చూస్తే ఏజెన్సీ గూడేనికి మైదాన ప్రాంతపు ఊరికంటే ఎక్కువ మాటే రాసిపెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామం అంటే తన ఆచారాల మేరకు తన వ్యవహారాలు నడుపుకునే ఆవాసం, లేదా అలాంటి కొన్ని ఆవాసాల సముదాయం. రెవెన్యూ రికార్డులో ఊరిపేరు ఉందా లేదా అన్నది అక్కడ కొలమానం కాదు. సామాజిక, ఆర్థికాభివృద్ధి ప్రణాళికలను అమలుకు ముందే గ్రామసభ ఆమోదించాలి. ఖర్చుపెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం పంచాయతీ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. ఇంకో అడుగు ముందుకేసి, సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద పంచాయతీలకూ గ్రామసభకూ అజమాయిషీ ఉండేలా రాష్ట్రాలు చూడాలంది. అంటే బడికి రాని పంతులును అడిగే హక్కు గూడేనికి ఉండాలన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని ఇందుకు తగ్గట్టు సవరించింది. నియమాలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. చట్టం పుట్టిన పదిహేనేళ్లకు నియమాలు పుట్టాయంటే, ఎవరికి ఎంత తొందర ఉందో అర్థం చేసుకోవచ్చు.

2006 అటవీ హక్కుల చట్టాన్ని పోడు పట్టాల చట్టంగానే అందరూ చూస్తారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం పట్టాలిచ్చినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే అన్నిటికన్నా ఎక్కువ వచ్చాయి కాబట్టి ఈ ప్రాంతంలో ఆ పేరు మరీ స్థిరపడింది. అదే చట్టంలో 3(2) సెక్షన్ ఒకటుంది. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, కరెంటు తీగ, తాగునీటి పైపు, చెరువు, రోడ్డు ఇలా 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. వీటన్నిటికీ ముందు షరతు గ్రామసభ సిఫార్సు. అడవిలోని గూడేనికి రోడ్డు వేయడానికి అటవీశాఖ అడ్డం పడుతోందని నాయకులు వేదికల మీద అంటూంటారు. ఆ తాళానికి ఒక చెవి గ్రామసభ చేతిలోనే ఉందన్న సంగతి ఆ ఉపన్యాసాల్లో వినిపించడం అరుదు.

ఇక ఆచరణ. పని పుట్టేది పద్దు కింద నిధులు వచ్చినప్పుడు. మండలంలో జాబితా తయారవుతుంది, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) అంచనా వేస్తాడు, పరిపాలనా అనుమతి వస్తుంది, టెండరు పిలుస్తారు. అటవీ భూమి ఉందని తేలాక, లేదా ఆడిట్‌కు కాగితం కావాల్సినప్పుడు, పంచాయతీ కార్యదర్శి రిజిస్టరు పట్టుకుని గూడేనికి బయలుదేరుతాడు. సంతకాలు, వేలిముద్రలు పడతాయి. రోడ్డొద్దని ఎవరంటారు? ఆ రిజిస్టరులో అబద్ధమేమీ ఉండదు. కల్వర్టు ఎక్కడ కట్టాలి, తూములు ఎంత వెడల్పు ఉండాలి అన్న ప్రశ్న మాత్రం ఆ పేజీలో ఉండదు. ఆషాఢంలో వాగు ఏ మేరకు పొంగుతుందో, ఏ ఒడ్డు కోసుకుపోతుందో, పైనుంచి ఎంత లావు దుంగలు కొట్టుకొస్తాయో పశువులు కాసేవాడికి తెలుసు. ఆ సంగతి అంచనాల పుస్తకంలోకి ఎక్కదు. సన్నటి తూముల్లో చెత్తా కొమ్మలూ ఇరుక్కుని నీళ్లు రోడ్డు మీదుగా పోవడం, మరుసటేడు ఆ రోడ్డుకే మరమ్మతుల అంచనా వేయడం ఏజెన్సీలో కొత్త కాదు.

నీళ్ల సంగతీ అంతే. బోరు వేసి, చేతిపంపు బిగించి, బిల్లు అయిపోయాక కూడా ఆడవాళ్లు బిందె పట్టుకుని వాగులో చెలమ తోడుకుంటుంటే అధికారులకు అది అజ్ఞానంలా కనిపిస్తుంది. పంపు నీళ్లు బిందెలో పోసి రాత్రంతా ఉంచితే అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది, అన్నం రంగు మారుతుంది, నోట్లో తుప్పు రుచి తగులుతుంది. ఇనుము ఎక్కువున్న నీళ్లవి. ఇసుకలో వడగట్టుకుని ఊరే చెలమ నీళ్లు తేటగా ఉంటాయి. తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు, వానాకాలం విరేచనాలు వాటి వల్లే రావచ్చు. బోరు పాయింటు పెట్టకముందు ఏ గట్టున నీళ్లు బాగుంటాయో అడిగి, నమూనా తీసి పరీక్షించి, ఆ తర్వాత రిగ్గు తెప్పిస్తే ఆ ఖర్చుతోనే సగం చిక్కు తీరుతుంది. ఆడవాళ్లను అడగాలి. పెత్తనంగా మాట్లాడే మగవాళ్లను అడిగితే రోడ్డు పక్కన పాయింటు చూపిస్తారు.

గ్రామసభకు జనం రారని ఒక ఫిర్యాదు ఉంది. ఎప్పుడు పిలుస్తున్నారో చూడాలి. గ్రామసభలంటే ఎక్కువగా జాతీయ దినాలే. జనవరి 26 నాటికి ఖమ్మం, భద్రాచలం వైపు మిరప కోతలు మొదలై కూలీలు తోటల్లో ఉంటారు. ఆగస్టు 15కి వాగులు నిండుంటాయి, నాట్ల పనీ ఉంటుంది. అక్టోబరు 2 నాటికి పత్తి తీతలు దగ్గరపడతాయి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి, ఆ వెంటనే తునికాకు కోయడానికి ఇంటిల్లిపాదీ అడవిలోకి పోతారు, పిల్లలతో సహా. విత్తనాల పండుగకో, కొత్తల పండుగకో గూడెమంతా ఒకచోట కూడుతుంది. పటేలు, పూజారి, పెద్దమనుషులు కూర్చుని కట్టుబాట్లు మాట్లాడుకునేది ఆ వేళల్లోనే. ఆ కూడికను వదిలేసి, మూడు నాలుగు కిలోమీటర్ల అవతల పంచాయతీ ఆఫీసు దగ్గర పగలు పదకొండు గంటలకు కుర్చీలు వేస్తే కోరం ఎలా నిండుతుంది? 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో గూడేలు, తండాలు ఎన్నో పంచాయతీలయ్యాయి, మొత్తం సంఖ్య 12,700 దాటింది. దూరం కొంత తగ్గింది. అయినా ఒక్కో పంచాయతీ కింద వాగుకు అటొకటి ఇటొకటి ఆవాసాలు ఉంటూనే ఉన్నాయి. పెసా నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే సభ గూడెంలోనే జరగాలి.

జనం వాడకాన్ని చూసి సేవను మలిచిన ఉదాహరణలు దూరంలో లేవు. గట్టు దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడి ప్రభుత్వం 2019 అక్టోబరు 2న వారపు సంతల్లో వైద్య శిబిరాలు మొదలుపెట్టింది. ఉప ఆరోగ్య కేంద్రం ఎంత దగ్గర కట్టినా పని మానుకుని పోనివాడు, ఉప్పూ నూనే కొనడానికి వారానికోసారి సంతకు ఎలాగూ వస్తాడు. డాక్టరు అక్కడే కూర్చుంటే పొలం పని పోదు, దారి ఖర్చు అదనంగా పడదు. ఆదివాసీ సంత సరుకుల కొట్టే కాదు, పెళ్లి మాటలు, చావు కబుర్లు, కూలి రేట్లు అన్నీ అక్కడే. ఆ జీవితాన్ని గమనించినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుంది.

సాలూరులో 2018లో మొదలైన గిరిశిఖర గర్భిణుల వసతి గృహం ఇంకో దారి చూపింది. పార్వతీపురం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో కొండమీది గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తుండగా దారిలోనే కాన్పులయ్యేవి. అంబులెన్సుల సంఖ్య పెంచితే తీరే చిక్కు కాదది, ఎందుకంటే అంబులెన్సు పోయే దారే లేదు. నెలలు నిండకముందే కిందికి తీసుకొచ్చి, యువత శిక్షణ కేంద్రం భవనంలో ఉంచి, తిండి పెట్టి, కాన్పయ్యాక పంపించారు. వినడానికి తేలిక. ఇంట్లో ఉన్న పసివాళ్లను ఎవరు చూస్తారు, తోడు ఎవరు ఉంటారు, ఆసుపత్రి మంచం మీద కాన్పంటే అమ్మమ్మలు ఏమంటారు అన్నవి ముందుగా అడిగి తెలుసుకోకపోతే గదులు కట్టినా ఖాళీగానే ఉంటాయి. చర్ల, దుమ్ముగూడెం వాగుల అవతల గూడేలకు వానాకాలంలో కావాల్సింది అచ్చంగా ఇదే. నెలలు నిండేవాళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది, వాగు పొంగి దారి ఎప్పుడు తెగుతుందన్న లెక్క గూడెం దగ్గర ఉంటుంది. ఈ రెండింటినీ మే నెలలోనే ఒక బల్ల మీద పెడితే చాలు.

తిండి విషయంలో భద్రాచలం తనే ఒక ఉదాహరణ ఇచ్చింది. తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ ఇక్రిశాట్‌తో కలిసి గిరిపోషణ కింద చిరుధాన్యాల ఆహారాన్ని ఏజెన్సీ అంగన్‌వాడీల్లోకి తెచ్చినప్పుడు, జొన్నలతో, రకరకాల ధాన్యాలతో చేసిన పదార్థాలను ముందుగా ఆదివాసీ కుటుంబాల చేత తినిపించి, రుచి అడిగి ఖరారు చేశారు. తయారీని స్థానిక మహిళలకే అప్పజెప్పే యూనిట్లు పెట్టారు. జొన్న వాళ్లకు కొత్తది కాదు, వాళ్ల తాతల తిండే. రేషన్ బియ్యం రాకతో పక్కకు పోయిన గింజను మళ్లీ పళ్లెంలోకి తెచ్చారంతే. ఆ తర్వాత భద్రాచలం మహిళలు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి అమ్మడం, గిరి పేరుతో శానిటరీ ప్యాడ్లు తయారుచేసి మూడు నెలల్లో 40,000 దాకా బడులకు, ఆఫీసులకు చేర్చడం 2025 జూన్‌లో ప్రధాని రేడియో ప్రసంగం దాకా వెళ్లింది. ఒకప్పుడు కూలికి పోయినవాళ్లే ఇవాళ హాస్టలు ఆడపిల్లలకు ఏం కావాలో చూసి తయారుచేసి అందిస్తున్నారు. ప్రచారం పొందిన బిస్కెట్ల కన్నా ఆ ప్యాడ్ల సంగతి పెద్దది.

భాష మాటకొస్తే, 1943లోనే నిజాం రాజ్యంలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సలహాతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచారు. అరవయ్యేళ్ల తర్వాత, 2004లో, ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కొలామి, సవర సహా ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన ప్రారంభించింది. వాచకాల్లోకి గూడెం పాటలు, పంటలు, పండుగలు వచ్చాయి, కోయ మాట్లాడే పంతుళ్లు బడిలోకి వచ్చారు. ఇంటి మాట బడిలో వినిపిస్తే పిల్లవాడు నోరు విప్పుతాడు. ఆ ప్రయత్నం ప్రభుత్వాలు మారినప్పుడల్లా కుంటుతూ, లేస్తూ వస్తోంది. పెద్దల గ్రామసభకు మాత్రం ఆ పాటి ఆలోచన కూడా లేదు. ఎజెండా ఆఫీసు తెలుగులో చదువుతారు. పరిపాలనా అనుమతి, కన్వర్జెన్స్, మ్యాచింగ్ గ్రాంటు అంటే కోయ ముసలమ్మకే కాదు, ఖమ్మంలో డిగ్రీ చదివినవాడికీ అర్థం కాదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక తప్పదు. జనం అంటే ఒక్క గొంతు కాదు. 2022 నవంబరు 22న చంద్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. నిందితులు గుత్తికోయలు. ఆ వారంలోనే బెండాలపాడు పంచాయతీ గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. ఇద్దరు చేసిన నేరానికి పసిపిల్లలతో సహా గూడెమంతా శిక్ష పడాలనడం గ్రామసభ నోటి నుంచి వచ్చినా న్యాయం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి తీరపు అడవుల్లోకి వచ్చినవాళ్లు వీళ్లు. తెలంగాణ ప్రభుత్వం వీళ్లను ఇక్కడి ఎస్టీలుగా లెక్కించడం లేదు. దాంతో ఏ గ్రామసభలోనూ వీళ్ల మాటకు విలువ లేదు, ఏ అంచనాలోనూ వీళ్ల గుడిసెల లెక్క లేదు. టీకా, కాన్పు, తాగునీరు, బడి అనేవి కులధ్రువీకరణ పత్రం చూపించి పుచ్చుకునే వరాలు కావు. ఊరి మాటకు బలమివ్వడమంటే ఊరి బయట ఉన్నవాడి గొంతు నొక్కే బలం ఇవ్వడం కాకూడదు. ఆ కంచె వేయాల్సింది ప్రభుత్వమే.

గూడేనికి సాంకేతిక విషయాలు తెలియవన్న వాదనకు జవాబు ఉపాధి హామీలో దొరికింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలు చేయించింది, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే పెట్టింది. పల్లెల్లో చదువుకున్న యువకులకు శిక్షణ ఇచ్చి మస్టరు రోళ్లు, కొలతల పుస్తకాలు చేతికిచ్చారు. వాళ్లు గడపగడపకూ తిరిగి, గుంతలు కొలిచి, మండల ప్రజావేదికలో అధికారుల ముందు చదివి వినిపించారు. చేసిన పని దగ్గర దొంగలెక్క పట్టగలిగినవాళ్లు, చేయబోయే పని అంచనాను మాత్రం చదవలేరా? తనిఖీని పని అయ్యాక పెట్టుకున్నాం, ముందుకు జరపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సాంకేతిక మంజూరుకు ముందు ఏఈ గూడెంలో కూర్చుని, గీసిన పటం నేల మీద పరిచి, ఎక్కడేం వస్తుందో చూపించి, వచ్చిన అభ్యంతరాలు రాసుకుంటే పని మొదలవుతుంది. ఐటీడీఏలకు ఆ అధికారం ఎప్పటినుంచో ఉంది. యాభై ఏళ్లుగా ఉన్న సంస్థలవి.

డబ్బు లేని మాటకు బరువుండదు. కేరళ 1996లో ప్రజాప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు వదిలింది. అంతకు ముందే, 1989లో, బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం పేటల సభల్లో బడ్జెట్ వాటాలు తేల్చుకుంది. రెండు చోట్లా జనం సభలకు వచ్చిందీ, రాత్రి దాకా కూర్చుని వాదించుకుందీ తమ మాటతో డబ్బు కదులుతుందన్న నమ్మకంతోనే. మన గూడెం సభలో చేసిన తీర్మానం దేన్నీ కదపదు.

తెలంగాణలో పరిస్థితి ఇంకో రకంగా తయారైంది. 2024 జనవరి ఆఖరుతో సర్పంచుల పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే పంచాయతీలు నడిపారు. సరిగ్గా ఆ వ్యవధిలోనే, కేంద్రం ఆదికర్మయోగి కార్యక్రమం కింద లక్ష ఆదివాసీ గ్రామాలు 2030 నాటికి తమ ఊరు ఎలా ఉండాలో ప్రణాళిక రాసుకుని 2025 అక్టోబరు 2న గ్రామసభల్లో ఆమోదించాలని చెప్పింది. ఆలోచన మంచిదే. ఎన్నికైనవాళ్లు లేని ఊళ్లలో, పత్తి తీతల వేళ, అయిదేళ్ల కల రాయించడం మాత్రం పాత అలవాటే.

2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. ఏజెన్సీలో సర్పంచు పదవులు ఆదివాసీలవే. తమ పేరిట ఎవరో రాసిన ఆ ప్రణాళికలను వాళ్లు బయటికి తీయించి, తునికాకు మొదలుకాకముందే ఒక సాయంత్రం గూడెంలో, అవసరమైతే కోయలో, చదివించవచ్చు. అందులో ఏ వాగు పేరు లేదో, ఏ బోరు తప్పు చోట ఉందో, ఏ ఇల్లు లెక్కలోకి రాలేదో ఆ పూటే తెలిసిపోతుంది. దిద్దిన కాగితాన్ని ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి బల్ల మీద పెట్టి, వచ్చే ఏడాది అంచనాలు దీన్నిబట్టే వేయమని అడిగే అధికారం గ్రామసభకు పెసా ఎప్పుడో ఇచ్చింది.